తిరుపతిలో బైక్ ట్రైనింగ్: నాలుగున్నర వేలకు నాకు ముందు బ్రేకు దొరికింది

నేను మెడికల్ రెప్‌ని. ఇరవై మూడేళ్ళుగా బండి మీదే బతుకు. పుత్తూరు, నగరి ఒక రోజు. పాకాల, చిత్తూరు ఇంకో రోజు. చంద్రగిరి, భాకరాపేట, పీలేరు మరో రోజు. ఎనభై కిలోమీటర్లకు తక్కువ తిరిగేది ఒక్క ఆదివారమే. అలాంటివాడిని పట్టుకుని ఎవరైనా "బండి నేర్చుకుందువు రా" అంటే నవ్వడా? నేనూ నవ్వాను.

అసలు వెళ్ళింది నాకోసం కాదు, మా అక్క కూతురి కోసం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. స్కూటీ బాగానే నడుపుతుంది, ఇప్పుడు గేర్ల బండి కావాలని ఇంట్లో పోరు. "సరిగ్గా నేర్చుకుంటేనే కొనేది, మీ మామను నేర్పమను" అంది మా అక్క. నాకు తీరిక లేదు, ఓపిక అంతకన్నా లేదు. డాక్టర్ దగ్గర వెయిటింగ్‌లో కూర్చున్నప్పుడు ఇంకో కంపెనీ కుర్రాడు ఈ రెండు రోజుల ట్రైనింగ్ సంగతి చెప్పాడు. కొత్తవాళ్ళకూ ఏళ్ళ తరబడి నడిపేవాళ్ళకూ కలిపి ఒకే బ్యాచ్, శని ఆదివారాలు, మనిషికి 4,500. పాపను దింపేసి చెట్టు కింద కూర్చుని ఫోన్ చూసుకుందామనుకున్నా. ఫోన్ చేస్తే "ఇద్దరైతే ఐదొందలు తగ్గిస్తాం సార్" అన్నారు. ఐదొందలు మిగులుతాయంటే నాలుగు వేలు ఖర్చుపెట్టే రకం నేను. అట్లా ఇరుక్కున్నా.

పేరు రాయడం లేదు, ఎందుకంటే లోపాలు కూడా రాయబోతున్నా. ముగ్గురే నడుపుకుంటున్న చిన్న టీమ్.

సంక్రాంతి అయిన తర్వాతి శనివారం, కరకంబాడి దాటాక ఒక వెంచర్‌కి రమ్మన్నారు. ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్. నలభై అడుగుల తారు రోడ్లు, రెండు పక్కలా నంబర్లు రాసిన తెల్లరాళ్ళు, ఒక్క ఇల్లు లేదు, ఒక్క కుక్క లేదు. బండి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల దొరకదు. ఏడింటికి రమ్మని చెప్పి వాళ్ళు ఎనిమిదికి వచ్చారు. మొదటి మార్కు అక్కడే పోయింది.

మొత్తం పద్నాలుగు మంది. వాళ్ళలో బుల్లెట్ల మీద నలుగురు ఫ్రెండ్స్, ఒక బ్యాంకు మేనేజరు, ఈ మధ్యే పెద్ద స్పోర్ట్స్ బైక్ కొన్న ఇద్దరు కుర్రాళ్ళు, లైసెన్సు వచ్చి నెల కూడా కాని ముగ్గురు, ఇంకా మేమూ. మెయిన్ ట్రైనర్‌కి యాభై దాటి ఉంటాయి. శ్రీపెరంబుదూరు దగ్గరున్న ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో చాలా ఏళ్ళు గడిపిన మనిషి. మాటల్లో సగం అరవం. రేసింగ్ కబుర్లు చెబుతాడేమో అనుకున్నా, రెండు రోజుల్లో ఒక్కసారి కూడా స్పీడు గురించి గొప్పగా మాట్లాడలేదు.

మొదట హెల్మెట్ల చెకింగ్. ఒక్కొక్కరి వెనక నిలబడి, హెల్మెట్ వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగాడు. పద్నాలుగులో ఐదు ఊడి చేతికొచ్చాయి. స్ట్రాప్ పెట్టుకున్నా సరే! ఊడిన వాటిలో నాదొకటి. ఐఎస్ఐ మార్కు ఉంది, ఐఎస్ 4151 అని స్టిక్కరూ ఉంది, కానీ సైజు పెద్దది. "వెయ్యి రూపాయల ఫైన్ తప్పించుకోడానికి కొన్నావన్నా ఇది, తలకాయ కోసం కాదు" అన్నాడు. నిజమే. అంగట్లో ఉన్నవాటిలో చౌకది తీసుకున్నా.

తర్వాత అరగంట మాటలు. అందులో ఒకటి గుర్తుండిపోయింది. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసర్ లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల జరిగిన 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను దగ్గరుండి పరిశీలించి రిపోర్టు ఇచ్చాడట. ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్ళలో 92 శాతం మంది ఎక్కడా శిక్షణ తీసుకోలేదు, సొంతంగానో ఇంట్లోవాళ్ళ దగ్గరో ఫ్రెండ్స్ దగ్గరో నేర్చుకున్నవాళ్ళే. తప్పించుకోడానికి వాళ్ళకు దొరికిన టైము రెండు సెకన్ల లోపు. ఆ రెండు సెకన్లలో చాలామంది చేసింది ఏమిటంటే, వెనక బ్రేకు అతిగా తొక్కి చక్రం జారించడం, ముందు బ్రేకు సరిపడా పట్టకపోవడం.

ఆయన ఇది చెబుతుంటే నా ఎడమ భుజం మీదికి చెయ్యి దానంతటదే పోయింది. ఎందుకో తర్వాత చెప్తా.

నాకు బండి నేర్పింది మా నాన్న, ఆయన రాజ్‌దూత్ మీద, చెరువు కట్ట మీద. మొదటి పాఠం: "ముందు బ్రేకు ముట్టుకున్నావంటే బొక్కబోర్లా పడతావ్ రా." మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇదే చెప్పి ఉంటారు, కాణిపాకంలో ప్రమాణం చేయమన్నా చేస్తా. ట్రైనర్ ఆ మాటను ఎగతాళి చేయలేదు, అది నాకు నచ్చింది. "మీ నాయన చెప్పింది తప్పు కాదన్నా. ఆయన నడిపింది కంకర రోడ్డు మీద. కంకర మీద ముందు చక్రం పట్టేస్తే పడడమే. నువ్వు తారు రోడ్డు మీద నడుపుతా ఇంకా కంకర బ్రేకే వేస్తున్నావ్." బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత తొక్కినా అది జారుతుందే తప్ప ఆపలేదు. ఆపే బలంలో దాదాపు 70 శాతం ముందు చక్రానిదే.

మాటలతో అయితే నేను నమ్మేవాడిని కాదు. ముగ్గుపిండితో రోడ్డుకు అడ్డంగా ఒక గీత గీశారు. "సంక్రాంతికి మిగిలిందా సార్?" అని అడిగితే "ఇంట్లో తిట్టి ఇచ్చింది" అన్నాడు. నలభై స్పీడులో వచ్చి గీత మీద బ్రేకు వేయాలి. ఆగిన చోటి దాకా టేపు పట్టి కొలుస్తారు.

మొదటిసారి వెనక బ్రేకు మాత్రమే. చక్రం పట్టేసింది, బండి తోక ఊపింది, 19 మీటర్లు. రెండోసారి "రోజూ ఎట్లా వేస్తావో అట్లే వెయ్" అన్నాడు. 16. అంటే ఇరవై మూడేళ్ళుగా నేను వేస్తున్నది దాదాపు వెనక బ్రేకే, ముందుది ఊరికే వేళ్ళు ఆనించడం.

ముందు బ్రేకును గబుక్కున పట్టకూడదు. మొదట లివర్‌లో ఉన్న వదులు తీసేయాలి, ముందు భాగం కొంచెం దిగినట్టు తెలుస్తుంది, అప్పుడు తడి బట్ట పిండినట్టు బలం పెంచుతూ పోవాలి. ఇదంతా అర సెకనులో. హ్యాండిల్ నేరుగా ఉండాలి, చూపు దూరంగా ఉండాలి, మోకాళ్ళతో ట్యాంకు పట్టుకుంటే బరువు చేతుల మీద పడదు. నాకు నాలుగు సార్లు రాలేదు. మనసు పిండమంటుంది, వేళ్ళు మాట వినవు. ఐదోసారి గట్టిగా పిండాను. కుడి చేతి వేళ్ళ కింద లివర్ టకటకమని కొట్టుకుంది, ఎవరో లోపలి నుంచి వేలితో తడుతున్నట్టు. భయపడి వదిలేశా.

"ఏమైంది?"

"ఏదో విరిగింది సార్."

ఆయన పడీపడీ నవ్వాడు. అది ఏబీఎస్, గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేసి జారకుండా చూసే ఏర్పాటు! నాది 2020 పల్సర్ 150, ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు కాబట్టి డబ్బులిచ్చి కొనుక్కున్నా. ఇన్నేళ్ళలో అది ఒక్కసారి కూడా పనిచేసేంత గట్టిగా నేను ముందు బ్రేకు పట్టలేదన్నమాట. దాని తర్వాతి రౌండ్ 11 మీటర్లు. ఆ తర్వాత 10.

మా అక్క కూతురు వాళ్ళిచ్చిన 125 సీసీ బండి మీద మూడో రౌండుకే 11 తెచ్చింది. దానికి వదిలించుకోవాల్సిన అలవాటు లేదు. "మామా, నీకు ఎక్స్‌పీరియెన్స్ ఎక్కువైపోయింది" అంది అందరి ముందూ. ఏం చెప్తాం.

ఇప్పుడు భుజం సంగతి. 2016 జూన్, మామిడి సీజన్. చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ లైను కట్టే రోజులు. లైనులోంచి ఒక ట్రాలీ చెప్పాపెట్టకుండా రోడ్డు మీదికి వెనక్కి వచ్చింది. నేను యాభైలో ఉన్నా. నా పాత స్ప్లెండర్ వెనక బ్రేకు మీద నిలబడినంత పని చేశా. బండి పక్కకు తిరిగి, జారి, ట్రాలీ చక్రానికి తగిలింది. కాలర్ బోన్ విరిగింది. అందరూ చెప్పినట్టే పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని నెలన్నర చెయ్యి మెడకు వేలాడేసుకున్నా. ఇన్నేళ్ళూ ఆ ట్రాక్టరు వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నా.

శనివారం రాత్రి డైరీలో లెక్క వేశా. యాభై స్పీడంటే సెకనుకు 14 మీటర్లు. చూసి, కాలో చెయ్యో కదిలేసరికి ఒక సెకను పోతుంది. వెనక బ్రేకుతో ఆగడానికి ఇంకో 28, మొత్తం 42. రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తే 14 తోడు 14, మొత్తం 28. స్ప్లెండర్ డ్రమ్ బ్రేకుతో ఇంకో మీటరో రెండో కలుపుకోండి. ట్రాలీ నాకు ముప్పై మీటర్ల దూరంలో ఉందని నా గుర్తు. వాడి తప్పు వాడిదే, అందులో మార్పు లేదు. కానీ పుత్తూరు పోవాల్సిన పని ఉండేది కాదేమో. మా ఆవిడ వచ్చి "ఏం లెక్కలండీ ఈ టైములో" అంటే పేజీ తిప్పేశా.

శనివారం మధ్యాహ్నం సెషన్ ఎనిమిది వేయడం. లైసెన్సు టెస్టులో వేసేదే కదా అనుకోకండి, ఇది రెండు కార్ల పార్కింగంత చోటులో, కాలు కింద పెట్టకుండా. 2001లో నా లైసెన్సు ఎలా వచ్చిందో, అప్పుడు ఎనిమిది వేశానో లేదో అడగొద్దు. సూత్రం మూడు ముక్కలు: హాఫ్ క్లచ్, రేజ్ కదలకుండా ఒకే తీరుగా, వెనక బ్రేకు మీద కాలు కొంచెం ఆనించి. ఇక్కడ మాత్రం ముందు బ్రేకు వద్దు, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు పట్టుకుంటే అక్కడికక్కడే పడతాం. బుల్లెట్ ఫ్రెండ్స్‌లో ఇద్దరు అలాగే పడ్డారు. అన్నిటికంటే కష్టం తల తిప్పడం. ముందు చక్రం వైపు చూస్తే చచ్చినా తిరగదు. గడ్డం భుజానికి ఆనేంతగా తల తిప్పి, పోవాల్సిన చోటు చూస్తే బండి దానంతటదే వస్తుంది. గాంధీ రోడ్డులో జనం మధ్య, ఆటోల మధ్య నాకు రోజూ అక్కరకొచ్చేది ఈ ఒక్క గంట పాఠమే.

కౌంటర్ స్టీరింగ్ అని ఇంకోటి చెప్పారు. స్పీడులో ఎడమకు వంగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు తోయాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది. నలభైలో చేసి చూస్తే నిజం. మనం తెలియకుండా ఎప్పుడూ చేసేది అదేనట, తెలిసి చేస్తే గుంతో గేదో ఎదురైనప్పుడు టక్కున తప్పుకోవచ్చు. దీనికి ఇరవై నిమిషాలే ఇచ్చారు, చాలలేదు.

ఆదివారం పొద్దున ఐదున్నరకు చంద్రగిరి మీదుగా భాకరాపేట ఘాట్. తిరుమల ఘాట్‌లో ఇలాంటి ప్రాక్టీసులు చేయనివ్వరు, చేయకూడదు కూడా. భాకరాపేట మలుపులు నాకు వారం వారం అలవాటే. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది ఇక్కడే. ఆ చోటు దాటేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడ నేర్చుకున్నది చూపు. మలుపులో రోడ్డు రెండు అంచులూ కలిసిపోయినట్టు కనబడే చోటు ఒకటి ఉంటుంది. ఆ చోటు మన మీదికి వస్తున్నట్టుంటే మలుపు బిగుస్తోంది, స్పీడు తగ్గించు. దూరం జరుగుతుంటే మలుపు విడుతోంది, రేజ్ ఇవ్వొచ్చు. కుడి మలుపుకు రోడ్డు ఎడమ అంచు దగ్గరగా పోతే ముందు ఏముందో తొందరగా కనబడుతుంది. ఎడమ మలుపుకు మధ్య గీత వైపు కొంచెం జరగొచ్చు, కానీ మదనపల్లె నుంచి టమాటా లారీ వస్తుంటే ఆ జరుగుడు వద్దు. లారీ వెనక భాగం మలుపులో గీత దాటి మన వైపుకు ఊడుస్తుంది. బ్రేకు పని, గేరు పని అంతా మలుపుకు ముందే అయిపోవాలి.

ఇంకో అలవాటు కూడా ఆ రోజే పోయింది. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగుల్తుందని న్యూట్రల్‌లో వదిలేసేవాణ్ణి. ఇది కూడా నాన్న ఆస్తే. అట్లా దిగితే ఇంజను పట్టు ఉండదు, బరువంతా బ్రేకుల మీదే, అవి కాగి పట్టు తగ్గుతాయి. రెండో గేరులో, మూడో గేరులో దిగితే ఇంజనే సగం బ్రేకు. కింద ఆగాక ట్రైనర్ నా వెనక డ్రమ్ముకు చెయ్యి దగ్గరగా పెట్టి చూపించాడు. న్యూట్రల్‌లో దిగిన బుల్లెట్ కుర్రాడి డ్రమ్ము దగ్గర చెయ్యి నిలవలేదు.

ఇక లోపాలు. ఘాట్‌లో పద్నాలుగు మందికి ఇద్దరే ట్రైనర్లు. మెయిన్ ట్రైనర్ నా వెనకాల వచ్చింది గట్టిగా ఇరవై నిమిషాలు. కొత్తవాళ్ళు ముగ్గురిని అసలు ఘాట్‌కు తేవడమే తొందరపాటు అని నా అభిప్రాయం, వాళ్ళకు వెంచర్‌లోనే ఇంకో రోజు పెట్టాల్సింది. పాప బాగానే చేసింది కానీ దిగేటప్పుడు నా గుండె నా దగ్గర లేదు. అద్దెకిచ్చే జాకెట్లు, మోకాలి గార్డులు ఐదొందలు అదనం, అన్నీ మగవాళ్ళ సైజులే, పాత చెమట వాసన. వెంచర్‌లో ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు. అడిగితే "పెట్రోలు బంకుకు పోయి రండి" అన్నారు. ఆడపిల్లలు కూడా చేరొచ్చని చెబుతూ ఈ మాట అనడం బాగాలేదు, ఆ విషయం వాళ్ళ మొహం మీదే చెప్పి వచ్చా. సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు తప్పు. దాన్నెవరు చూస్తారు గనక, పోనీ.

అన్నిటికంటే పెద్ద కొరత, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని నడపడం సిలబస్‌లోనే లేదు. మన ఊళ్ళో బండి మీద ఒక్కడే పోయేది ఎప్పుడు? వెనక భార్య, మధ్యలో పిల్లాడు, ట్యాంకు మీద సంచి. నేను పట్టుబడితే ఆదివారం సాయంత్రం ఆయనే నా వెనక ఎక్కి రెండు రౌండ్లు వచ్చాడు. మనిషి ఎనభై కిలోలుంటాడు. వెనక బరువుంటే వెనక చక్రానికి పట్టు పెరుగుతుంది, అప్పుడు వెనక బ్రేకు కూడా బాగా పనిచేస్తుంది, ముందుదానితో కలిపి ఇంకొంచెం గట్టిగా తొక్కొచ్చు. ఈ సంగతి పది నిమిషాల్లో తెలిసింది, అదీ నేను అడిగాను కాబట్టి. దీన్ని అందరికీ పెట్టండని చెప్పా. వానలో ఎలా నడపాలో కూడా నోటిమాటగా చెప్పి వదిలేశారు: తొలి వానకు రోడ్డు మీది ఆయిలు తేలుతుంది, తెల్ల గీతల మీద జారుతుంది అని. ఒక ట్యాంకరు నీళ్ళు తెప్పిస్తే చేసి చూపించొచ్చు.

వెళ్ళొచ్చా అంటే, ఐదేళ్ళు దాటి బండి నడుపుతున్నవాళ్ళు మొదటి రోజుకైనా తప్పకుండా వెళ్ళండి. కొత్తవాళ్ళు మొదటి రోజు చేసి, రెండు నెలలు నడిపి, అప్పుడు రెండో రోజుకు వెళ్ళండి. విడివిడిగా కట్టించుకుంటారు, అడగాలి. మీ సొంత బండే తీసుకెళ్ళండి. నిండు వేళ్ళ గ్లౌజులు, మీ సైజు హెల్మెట్, రెండు లీటర్ల నీళ్ళు. మధ్యాహ్నం పులిహోర పొట్లం వాళ్ళే ఇచ్చారు, బాగుంది.

ఫిబ్రవరిలో మా ఆవిడతో కొండకు బండి మీదే పోయా. దిగేది మొదటి ఘాట్ రోడ్డు, 36 మలుపులు. ఎప్పుడూ ప్రతి మలుపుకూ నా భుజం గిల్లుతుంది, అదీ విరిగిన వైపే. ఆ రోజు అలిపిరి దాకా గిల్లలేదు. నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఇది జరిగి ఐదు నెలలు. మొన్న లీలామహల్ దగ్గర మా మెకానిక్ షెడ్డులో సర్వీసుకిచ్చా. ప్రతి ఏడెనిమిది నెలలకూ వెనక బ్రేకు షూ మార్చడం నాకు మామూలే, అలవాటుగా కొత్తది కొని తీసుకెళ్ళా. వాడు వెనక చక్రం విప్పి చూసి, షూ అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఇది ఇంకా బాగానే ఉందే" అన్నాడు. తర్వాత ముందుకు వచ్చి వంగి చూశాడు.

"ముందు ప్యాడ్లు అయిపోయినాయన్నా. ఎవరికైనా ఇచ్చినావా బండి?"